ఎనిమిదో పిన్నుకు అబద్ధం నేర్పిన మహానుభావుడు

యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే పాత కంప్యూటర్లకు ఒక దుర్గుణం ఉండేది. ప్రతిదానికీ సాక్ష్యం అడిగేవి. ఫోన్ లైన్లో అవతల ఎవరో కలిశారని, కంప్యూటర్ను ఫోన్ లైనుకు కలిపే మోడెమ్ అనే పెట్టె చెప్పందే తలుపు తీసేవి కావు. మోడెమ్ కేబులుకుండే 25 పిన్నుల కనెక్టరులో 8వ పిన్ను మీద క్యారియర్ డిటెక్ట్, అంటే 'అవతల మనిషి ఉన్నాడు' అనే సిగ్నల్ వస్తేనే గెట్టీ అనే ప్రోగ్రామ్ నిద్ర లేచి లాగిన్ అడిగేది. ఇంత అనుమానపు మనిషితో, క్షమించాలి, మిషన్‌తో, మామిడి సీజన్లో వ్యాపారం చేసేదెట్లా?

చిత్తూరులో ఒక మామిడి గుజ్జు కంపెనీకి వచ్చిన సర్వీసు ఇంజినీరు ఈ అనుమానానికి మందు కనిపెట్టాడు. కనెక్టరు మూత విప్పి, 20వ పిన్ను నుంచి 8వ పిన్నుకు వేలెడంత వైరు ముక్క టంకం వేశాడు. 20వది డీటీఆర్. 'నేను రెడీ' అని కంప్యూటర్ చెప్పుకునే పిన్ను. ఇక అది 'నేను రెడీ' అనగానే అదే మాట తిరిగి దాని చెవినే పడి, 'అవతల మనిషి ఉన్నాడు' అని వినిపిస్తుంది. తన దరఖాస్తు మీద తనే సంతకం పెట్టుకునే ఈ సౌకర్యం పెద్ద పెద్ద ఆఫీసర్లకు కూడా లేదు. "అయిపాయె సార్, ఇంక టెన్షన్ లేదు" అన్నాడాయన.

గిట్టనివాళ్లు వంకలు పెట్టారు. రాత్రి ఎవరూ ఫోన్ చేయకపోయినా గెట్టీ 'లాగిన్' అంటుందట. ఎకో ఆపని మోడెమ్ అదే మాట తిరిగి అంటుందట. అదేదో యూజర్ పేరు అనుకుని గెట్టీ పాస్‌వర్డ్ అడుగుతుందట. మరి తెల్లవార్లూ వాటికి కాలక్షేపం వద్దా?

ఇంకో వంక: లైను తెగినా ఆ సంగతి కంప్యూటర్‌కు తెలియదు, 'లైను పోయింది, లాగిన్ మూసెయ్' అనే హ్యాంగప్ సిగ్నల్ పుట్టదు, పాత లాగిన్ అలాగే తెరిచి ఉంటుంది. తిరుపతిలో ఒకరి దర్శనం టికెట్ మీద ఇంకొకరు వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. ఇక్కడ మాత్రం తిరుపతి బ్రాంచి గుమాస్తా ఫోన్ కలపగానే తిన్నగా మేనేజరుగారి లెడ్జర్లో తేలాడు. దీన్ని ఉదారత అనాలి గానీ తప్పు అంటారా!

చాదస్తులు చెప్పే వైద్యం వినండి. మోడెమ్‌కు ఏటీ&సీ1 అనే ఆదేశం ఇస్తే క్యారియర్ నిజంగా ఉన్నప్పుడే ఉందంటుందట; &డీ2 ఇస్తే డీటీఆర్ సిగ్నల్ ఆగిపోగానే ఫోన్ పెట్టేస్తుందట; &డబ్ల్యూ కొట్టి ఆ సెట్టింగులు దాచుకోవాలట. ఎస్‌సీవో అనే రకం యునిక్స్‌లో అయితే, మోడెమ్ తగిలించిన పోర్టు పేరు చివర ఇంగ్లీషు చిన్న 'a' బదులు పెద్ద 'A' రాయాలట, మోడెమ్ సిగ్నళ్లను పట్టించుకునేది అదేనట. వైరు ముక్క పీకెయ్యాలట కూడా. ఇదంతా చేస్తే పైసా ఖర్చు కాదు. అందుకే మేనేజరుగారికి నమ్మకం కుదరలేదు. కొత్త మోడెమ్‌కు కొటేషన్ తెప్పించమన్నారు.