ప్లేస్‌హోల్డర్ లేబుల్ కాదండీ

కొత్తగా వెబ్‌సైట్ పని నేర్చుకునేవాళ్లకి కాంటాక్ట్ ఫారం చేసి చూపించే పాఠాలు చాలావరకు లేబుల్ (టైప్ చేసే పెట్టె బయట ఎప్పుడూ కనిపించే పేరు) ఊసే ఎత్తవు, అదే నా బాధ. పెట్టె లోపల లేత బూడిద రంగులో ‘మీ పేరు’ అని ప్లేస్‌హోల్డర్ పెట్టేసి, ఎంత నీట్‌గా ఉందో చూడండి అంటారు. ఒక్క అక్షరం టైప్ చేయగానే అది మాయం, మధ్యలో ఫోన్ మాట్లాడి వచ్చినవాళ్లకి అక్కడ ఏం అడిగారో ఎలా గుర్తుంటుంది? పైగా ఆ లేత రంగు చూపు మందగించినవాళ్లకి కనపడనే కనపడదు. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్ (అక్షరాల రంగుకీ వెనక రంగుకీ తేడా) కనీసం 4.5:1 ఉండాలని, వైకల్యం ఉన్నవాళ్లూ వెబ్‌సైట్లు వాడుకోగలిగేలా రాసిన డబ్ల్యూసీఏజీ (WCAG) అనే మార్గదర్శకం 2008 నుంచీ చెబుతూనే ఉంది.

ఇన్‌పుట్‌కి, అంటే ఆ పెట్టెకి, కోడ్‌లో ఒక ఐడీ (id) ఇచ్చి, లేబుల్‌లో ‘ఫర్’ (for) దగ్గర అదే ఐడీ రాస్తే స్క్రీన్ రీడర్ (తెర మీది రాతని పైకి చదివే సాఫ్ట్‌వేర్) ఆ లేబుల్ పేరు చదివి వినిపిస్తుంది, లేబుల్ మీద నొక్కినా కర్సర్ పెట్టెలోకే వెళ్తుంది. ఒక్క లైను పని! దాన్ని ‘తర్వాత చూసుకోవచ్చు’ అని ఎందుకు చెప్తారు?

ఇక తప్పులు చూపించే తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. బటన్ నొక్కితే పెట్టె చుట్టూ ఎర్ర గీత, అంతే. ఎరుపు పోల్చుకోలేనివాళ్లు, అసలు తెర చూడలేనివాళ్లు ఏం చేయాలి? ‘ఈమెయిల్‌లో @ గుర్తు లేదు’ అని మాటల్లో రాసి, స్క్రీన్ రీడర్ దాన్ని కూడా చదివేలా కోడ్‌లో ఏరియా-డిస్క్రైబ్డ్‌బై (aria-describedby)తో ఆ పెట్టెకి జతచేయాలి. దయచేసి మొదటి పాఠంలోనే చెప్పండి.