సంచి మారితే మంట మారుతుందా?

హ్యూస్టన్ పక్కన కేటీలో ఒక తెలుగువాళ్ళ బ్యాక్‌యార్డ్. పెల్లెట్ గ్రిల్ మీద కోడి తొడలు కాలుతున్నాయి. పెల్లెట్లంటే రంపపు పొట్టు నొక్కి చేసిన చిన్న కట్టె గుళికలు, సంచుల్లో అమ్ముతారు. బావ పాతకాపు, ఏ సంచి చవగ్గా దొరికితే అది తెచ్చి పోస్తాడు. బావమరిది కొత్తగా గ్రిల్ కొన్నాడు, బ్రాండ్ చూడనిదే సంచి ముట్టుకోడు.

బావమరిది: బావా, నీ హాపర్‌లో, అదే పెల్లెట్లు పోసే డబ్బాలో, ఉన్నవి పెల్లెట్లా, రంపపు పొట్టా? అడుగున అంతా పొడే. 225 ఫారెన్‌హీట్ పెట్టావు, ఒకసారి 205 చూపిస్తోంది, ఇంకోసారి 250.

బావ: ఇది కరెంటు ఓవెన్ కాదు నాయనా, నిప్పు. పెల్లెట్లని మంటలోకి తోసే మర, ఆగర్, కాసేపు తిరుగుతుంది, కాసేపు ఆగుతుంది. పడిన కట్టె అంటుకుంటే వేడి ఎక్కుతుంది, కాలిపోతే దిగుతుంది. ఏ కంపెనీదైనా అంతే.

బావమరిది: ఊగదని నేననలేదు, ఎంత ఊగుతుందన్నదే నా గొడవ. ఆగర్‌ని ఎన్ని సెకన్లు తిప్పాలో కంట్రోలర్‌కి తెలుసు. ఆ సెకన్లలో ఫైర్‌పాట్‌లో, అదే మంట మండే గిన్నెలో, కట్టె ఎంత పడిందో దానికి తెలీదు. పొడుగువి, పొట్టివి, పొడి అన్నీ కలగలిసి ఉంటే ఒకసారి గుప్పెడు పడుతుంది, ఇంకోసారి చిటికెడు.

బావ: ఆ పొడి కంపెనీ చేసిందా, మనం గరాజ్‌లో పడేసి చేసుకున్నదా? పొట్టుని గట్టిగా నొక్కితే ఆ వేడికి కట్టెలోని లిగ్నిన్ మెత్తబడి, అదే జిగురులా పట్టుకుంటుంది. దానికి హ్యూస్టన్ తేమ తగిలితే ఉబ్బి మళ్ళీ పొట్టే. ఖరీదైన సంచి కూడా మూతి తెరిచి వదిలేస్తే అదే గతి. ముందు మూత బిగుతుగా ఉండే బకెట్ కొనుక్కో.

బావమరిది: కొన్నాను. అయినా సంచి విప్పగానే తేడా తెలుస్తుంది. ఒకటి నున్నగా మెరుస్తూ టక్కున విరుగుతుంది, ఇంకోటి వేళ్ళ మధ్యే నలిగిపోతుంది. ఇల్లు వెచ్చబెట్టే స్టవ్ పెల్లెట్లకు పెల్లెట్ ఫ్యూయెల్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్కలు పెట్టింది. ప్రీమియం రకంలో బూడిద 1 శాతం, తేమ 8 శాతం, పొడి అర శాతం దాటకూడదు. వంట పెల్లెట్ల సంచి మీద అలాంటి లెక్క కనబడడం అరుదు. మరి బ్రాండ్‌ని కాక దేన్ని నమ్మాలి?

బావ: అంత లెక్క ఉంటే ఆ స్టవ్ పెల్లెట్లే పోసుకో, చవక కూడా.

బావమరిది: అమ్మో, వద్దు. వాటిలో పైన్ లాంటి మెత్త కట్టె ఉండొచ్చు, ఇంకేం కలిపారో తెలీదు. తిండికి తగిలే పొగ అది.

(ఇంతవరకు బావమరిదికే మార్కులు. రుచి దగ్గరికొచ్చేసరికి పందెం తిరగబడింది.)

బావమరిది: సంచి మీద పెద్దక్షరాలతో హికరీ అని కట్టె పేరు ఉంటుంది. చాలాసార్లు లోపల ఎక్కువ భాగం ఓకో ఆల్డరో, మిగతాది హికరీ. పేరున్న కట్టె సంచిలో లేదని 2019లో ట్రేగర్ అనే గ్రిల్ కంపెనీ మీద యూటాలో కేసు కూడా వేశారు. లంబర్‌జాక్ అనే పెల్లెట్ కంపెనీ వాళ్ళు నూటికి నూరు హికరీ అని విడిగా అమ్ముతారు, నేను తెచ్చేది అదే.

బావ: కేసు వేసినంత మాత్రాన ఆరోపణ నిజమైపోదు. అదలా ఉంచు, నీ నాలుక్కి తేడా తెలుస్తుందా? ఇందులో ఫ్యాన్ గాలి కొట్టి శుభ్రంగా కాలుస్తుంది కాబట్టి పొగ పల్చన. అంత పల్చని పొగలో ఇది చెర్రీ, ఇది ఆపిల్ అని చెప్పగలవా? పైగా మనం అల్లంవెల్లుల్లి, కారం, గరం మసాలా పట్టించి రాత్రంతా నానబెడతాం. మెస్కీట్ అయితే ఒప్పుకుంటా. అది మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం, దాని ఘాటు ఏ మసాలాకీ లొంగదు.

బావమరిది: 400 మీద కోడి కాలిస్తే నిజమే, ఏ కట్టైనా ఒకటే. పొట్టేలు తొడని 200 దగ్గర గంటల తరబడి పెట్టి చూడు. తక్కువ వేడిలోనే పొగ ఎక్కువ పుడుతుంది.

బావ: చూశావా, నువ్వే అన్నావు. రుచి మార్చింది వేడి, సంచి కాదు.

బావమరిది: పొగ ఎంతన్నది వేడి చేతిలో ఉంది, ఎలాంటి పొగన్నది కట్టె చేతిలో ఉంది. పోనీ, బూడిద సంగతేంటి? ఎక్కువైతే ఫైర్‌పాట్ గాలి కన్నాలు పూడుకుపోయి మంట ఆరిపోతుంది, ఆగర్ మాత్రం పోస్తూనే ఉంటుంది. తెల్లారి చూసుకోకుండా మళ్ళీ వెలిగిస్తే ఆ కుప్పంతా పొగ కక్కి భగ్గుమంటుంది.

బావ: బెరడు ఎక్కువుంటే బూడిద ఎక్కువ. మరి నీ లంబర్‌జాక్ వాళ్ళు బెరడు పక్క పొర కూడా కలిపితేనే రుచి అంటారుగా! రుచి కావాలంటే బూడిద భరించాలి. వ్యాక్యూమ్ పెట్టి ఊడిస్తే పోయేదానికి సంచికి 8 డాలర్లు ఎక్కువ పెట్టడమెందుకు?

బావమరిది: సంచి 20 పౌండ్లు. 225 దగ్గర గంటకి ఇంచుమించు ఒక పౌండు కాలుతుంది. అంటే గంటకి 40 సెంట్లు ఎక్కువ. నువ్వు కొన్న మాంసం ఖరీదెంత?

బావ: అయితే పందెం. వచ్చే శనివారం పొట్టేలు తొడ. నా గ్రిల్‌లో నా సంచి, నీ గ్రిల్‌లో నీది.

బావమరిది: గ్రిల్ మారితే తేడా దేనివల్లో ఎలా తెలుస్తుంది? ఒకే గ్రిల్, నీదే. ఈ వారం నీ సంచి, పై వారం నాది. మధ్యలో హాపర్ ఖాళీ చేసి, ఫైర్‌పాట్ ఊడ్చాలి.

బావ: ఊడ్చేదెవరు?

బావమరిది: ఊడిస్తే చాలన్నవాళ్ళే.