చెత్తగుట్ట నీళ్ళకి నాచు వైద్యం: అమ్మోనియా తగ్గింది సరే, ఎటు పోయింది?

చెత్తగుట్టని మూసేసి పైన మట్టి కప్పి గడ్డి పెంచేస్తే ఇక దాని పని అయిపోయిందనుకుంటాం. కానీ లోపలికి ఇంకిన వాన నీళ్ళు కుళ్ళిన చెత్తలోంచి దిగుతూ దిగుతూ దొరికినవన్నీ కరిగించుకుని ముదురు గోధుమ రంగులో అడుగు నుంచి ఊరుతూనే ఉంటాయి, దీన్నే లీచేట్ అంటారు, గుట్ట మూసేశాక కూడా దశాబ్దాల పాటు వస్తుంది. కొత్త లీచేట్‌లో బ్యాక్టీరియా తినగలిగే సేంద్రియ పదార్థం బోలెడు ఉంటుంది. పాతబడ్డాక అది అయిపోయి అమ్మోనియా మిగులుతుంది, గాలి ఆడని గుట్టలో అది ఇంకోలా మారే దారి దాదాపు లేదు కదా.

దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉన్నాయి, కాకపోతే ఒక్క గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి సుమారు 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. మామూలు ప్లాంట్‌లో దానికోసం బ్లోయర్లు రాత్రీపగలూ తిరగాలి, గుట్ట మీద పైసా ఆదాయం లేని రోజుల్లో ఆ కరెంటు బిల్లు ఎన్నేళ్ళని కడతారు? నాచు మీద నాకు నమ్మకం కుదిరింది ఇక్కడే. ఎండ ఉంటే చాలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, సేంద్రియ పదార్థం తినే బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని తీసుకుంటుంది. 1950ల్లోనే అమెరికాలోని బర్కిలీలో విలియం ఓస్వాల్డ్ అనే ఇంజనీరు మురుగునీటి చెరువుల్లో ఈ జోడీ ఎలా పనిచేస్తుందో వివరంగా చూపించారు.

అయితే లీచేట్ మామూలు మురుగునీరు కాదు. ఆ రంగుకి వెలుతురు లోపలికి దిగదు, ఫాస్ఫరస్ చాలదు, అమ్మోనియా మోతాదు మించితే నాచే చచ్చిపోతుంది, అందుకే పల్చన చేసి పోస్తారు. రాత్రయితే నాచు కూడా ఆక్సిజన్ వాడుకునేదే.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టేది లెక్కల విషయం. నాచు కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకునే కొద్దీ నీళ్ళ పీహెచ్ (ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత) పెరుగుతుంది, అంటే నీళ్ళు క్షారంవైపు జరుగుతాయి, 25 డిగ్రీల దగ్గర అది 9.25కి చేరిందంటే అమ్మోనియాలో సగం వాయువు రూపంలోకి మారిపోయినట్టే, అది గాల్లోకి లేచిపోతుంది, రిపోర్టులో మాత్రం "అమ్మోనియా తొలగింది" అని పడుతుంది. అది శుద్ధి ఎలా అవుతుంది, నీళ్ళలో కంపు గాల్లోకి పోయిందంతే! పైగా ఆ రూపమే నాచుకి విషం. మంచి సంగతేంటంటే అమ్మోనియాని నైట్రేట్ చేసే బ్యాక్టీరియా పీహెచ్‌ని కిందికి లాగుతాయి, అంటే రెండూ సరైన పాళ్ళలో ఉంటే ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటాయి. నాచు ఒక్కదాన్నే పెంచే పద్ధతుల కంటే ఈ జోడీనే నేను సమర్థించేది అందుకే. అలాగని నైట్రేట్ దగ్గర ఆగిపోయినా కుదరదు, ఆక్సిజన్ లేని ఇంకో దశ పెట్టి దాన్ని నైట్రోజన్ వాయువుగా మార్చాలి, అప్పుడే పని పూర్తయినట్టు.

ఇక పెరిగిన నాచు సంగతి. విడి కణాలు మరీ సన్నవి, వడకట్టడం కష్టం, ఖర్చు కూడా. బ్యాక్టీరియాతో కలిసి ముద్ద కడితే మాత్రం వాటంతటవే అడుక్కి దిగుతాయి. ఆ ముద్దని ఎరువుగా వాడొచ్చనీ పశువుల దాణాకి పనికొస్తుందనీ చెప్పేవాళ్ళు ఒక్కటి ఆలోచించాలి, లీచేట్‌లో ఉన్న సీసం, కాడ్మియం లాంటివి నాచు ఒంటికి పట్టుకుంటాయి, నీళ్ళలోంచి పోయాయంటే ఈ ముద్దలోకి వచ్చాయనే అర్థం. నాన్‌స్టిక్ పూతల్లాంటి వాటిలో వాడే, ఓ పట్టాన విరగని పీఫాస్ రసాయనాలనైతే ఈ జోడీ విరగ్గొట్టలేదు. కాబట్టి ఎవరైనా ఇలాంటి ప్లాంట్ కట్టి తొంభై శాతం తొలగించామని చెబితే, మధ్యాహ్నం ఎండలో ట్యాంక్ పీహెచ్ ఎంత చూపించింది, తీసిన నాచులో లోహాలు ఎంత ఉన్నాయి, ఈ రెండు అంకెలు ముందు అడగాలి.