మొదలుపెట్టింది ఎవరు?

ఆదివారం సాయంత్రం, కోఠిలో ఒక ఇరానీ హోటల్. బల్ల మీద రెండు చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు, ఒక ల్యాప్‌టాప్. తెలంగాణ చేతివృత్తుల మాటలు ఏరి పుస్తకం చేస్తున్న బృందంలోని అక్కా తమ్ముడూ కూర్చున్నారు. మాటలన్నీ గిట్‌లో, అంటే ఫైళ్లలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచే సాఫ్ట్‌వేర్‌లో, ఉన్నాయి. అలా దాచిన ఒక్కో మార్పు ఒక కమిట్. వృత్తికో ఫైలు, మొత్తం 43. ఏ ఫైలు ఎవరు మొదలుపెట్టారో, ఎవరెవరు పెంచారో పుస్తకం చివర పేర్లు వెయ్యాలి. ఆ పేర్లు తీసే స్క్రిప్ట్ తమ్ముడు రాశాడు. నేను అక్క పక్షం, ముందే చెబుతున్నాను. అయినా తమ్ముడి దెబ్బలు తగలాల్సిన చోట తగలనిచ్చాను.

తమ్ముడు: అక్కా, స్క్రిప్ట్ అయిపోయింది. ఫైలు పేరు మారినా పాత చరిత్ర రావాలని ఫాలో ఆప్షన్ పెట్టిన. పాతది ముందు రావాలని రివర్స్ కూడా పెట్టిన. రెండూ కలిపితే ఒక్కటే కమిట్ చూపెట్టింది, పేరు మార్చిన రోజుది. మిగతావన్నీ మాయం. అందుకే రివర్స్ తీసేసి, వచ్చిన లైన్లను టాక్ కమాండ్‌తో తలకిందులు చేసిన.

అక్క: బాగా చేశావు. ఫాలో కొత్త పేరుతో బయల్దేరి వెనక్కి నడుస్తుంది, పేరు మారిన చోట పాత పేరు పట్టుకుంటుంది. దాన్ని మొదటి నుంచి నడిపిస్తే అప్పటికి కొత్త పేరే పుట్టలేదు. పేరు మారిన చోటు దాటాక పాత పేరు ఉండదు. అందుకే ఒక్కటి. అలాంటి బగ్‌ని పక్కనుంచి దాటితే ఎవరికీ నష్టం లేదు. టాక్ ఎందుకు పెట్టావో పైన ఒక లైను రాసిపెట్టు, చాలు. నా గొడవ దాని కింద నువ్వు రాసిన నలభై లైన్లతో.

తమ్ముడు: వాటికేమైంది?

అక్క: అవి లేకుండా నడిపితే చేనేత ఫైలు ఎవరు మొదలుపెట్టినట్టు వచ్చింది?

తమ్ముడు: నేను.

అక్క: కుమ్మరం?

తమ్ముడు: అదీ నేనే. 17 ఫైళ్లు నా పేరు మీదనే వచ్చినయ్, నేను మొదలుపెట్టింది రెండే. అందుకే కదా ఆ నలభై లైన్లు! అందరం నేను చేసిన మూసనే కాపీ కొట్టినం. 12 లైన్ల మూస, కింద ఐదారు మాటలు. ఫాలో ఫైలు పుట్టిన కమిట్ కాడికి పోయినాక ఊకోదు. ఇసొంటిది ఇంకోటి ఉందా అని అన్ని ఫైళ్లల్ల దేవులాడుతది. 50 శాతం కలిస్తే చాలు, ఇదే దాని పాత పేరు అనుకుని అటు పోతది. మూస నాది గనుక అన్నీ నా కాడికొచ్చి ఆగినయ్. ఆ 50ని 90 చేసిన. ఇప్పుడు చేనేత కాడ పోచంపల్లి టీచరమ్మ పేరు కరెక్టుగా వస్తున్నది.

అక్క: వడ్రంగం?

తమ్ముడు: అది చెడింది. నిరుడు ఫోల్డర్లు మార్చినప్పుడు ఆ ఫైలు పేరు మార్చి, అదే కమిట్‌ల బాడిస, చిత్రిక, ఉలి అర్థాలన్నీ దిద్దినరు. పోలిక 70 కాడికి పడిపోయింది. 90 అంటే గొలుసు అక్కడ తెగుతది, పేరు మార్చినాయనే మొదలుపెట్టినట్టు వస్తది. గందుకే వడ్రంగానికి మళ్లా 50. ఇట్ల ఏ ఫైలుకు ఎంతో ఒక పట్టిక రాసిన. మొత్తానికి సరైన పేర్లొచ్చినయ్ కదా?

అక్క: సరైనవని నీకెలా తెలుసు? టీచరమ్మ పేరు నీకు ముందే తెలుసు, ఆ పేరు వచ్చేదాకా అంకె తిప్పావు. తెలియని ఫైలుకు ఏ అంకె దగ్గర ఆగావు? ఒక్కమాట గుర్తుపెట్టుకో. పేరు మారిందన్న సంగతి గిట్ ఎక్కడా రాసుకోదు. గిట్ లాంటిదే ఇంకోటి, మెర్క్యూరియల్, రాసుకుంటుంది, గిట్ రాసుకోదు. 2005లో టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టినప్పుడే తీసుకున్న నిర్ణయం అది. ఒక ఫైల్లోంచి సగం ముక్క ఇంకో ఫైల్లోకి పోతే దాన్ని పేరు మార్పు అని ఎలా రాస్తావు? అందుకని ప్రతి కమిట్‌లో ఏమేం ఉన్నాయో అంతే దాచి, పోలిక అడిగినప్పుడు లెక్కగట్టమన్నాడు. ఆ నిర్ణయం తప్పని నేననను. ఫాలో వచ్చింది 2007లో, అదీ ఆయనే రాశాడు. ఒక్క ఫైలుకే పనిచేస్తుంది, బ్రాంచులు, అంటే విడివిడిగా సాగిన దిద్దుబాట్లు, చీలి కలిసిన చరిత్రలో సరిగ్గా నడవదు. ఈ మాట గిట్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. అంటే నీ చేతికొచ్చింది ఊహ. నువ్వు దాన్ని పేరుగా అచ్చేయబోతున్నావు. 90 అన్నది కూడా ఊహే, కొంచెం గట్టి ఊహ.

తమ్ముడు: నిజం చెప్పాలంటే మూడొంతుల తిప్పలు ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టినందుకే. ఇంగ్లీషు అక్షరాల్ల పెట్టుంటే స్క్రిప్ట్ రెండ్రోజుల ముందే అయిపోవు. చేనేత అని పెడితే గిట్ ఏం చూపెట్టిందో చూడు. ‘చే’ ఒక్కదానికే \340\260\232\340\261\207. పేరు మొత్తం ఇట్లనే, చుట్టూ కొటేషన్లు. నా స్క్రిప్ట్‌కు ఆ ఫైలే దొరకలేదు.

అక్క: అది తెలుగు తప్పు కాదు. కోట్‌పాత్ సెట్టింగ్ ఆపితే అక్షరాలు అక్షరాల్లాగే వస్తాయి. స్క్రిప్ట్‌లో జెడ్ ఆప్షన్ పెడితే కొటేషన్లే ఉండవు. ఒక్క లైను పని. ఆ లైను రాయలేక, ఆసు, కండె, నాడె అని నేతగాళ్లు నోరారా చెప్పిన మాటల మీద ఇంగ్లీషు అట్ట వేద్దామంటావా? రేపు ఆ ఫోల్డర్ తెరిచే పోచంపల్లి పిల్ల తన వృత్తి పేరు తన లిపిలో చూడొద్దా? మాటలు తెలుగులో దాచడానికే కదా ఈ పని పెట్టుకున్నాం!

తమ్ముడు: పెట్టొద్దనలే అక్కా, తిప్పలైంది అంటున్న. సరే, జెడ్ పెడ్తా. మరి పేర్ల సంగతి ఏం చేద్దామంటవ్?

అక్క: మనుషుల్ని అడుగుదాం. ఫైలుకొక పేరు, వాళ్లు చెప్పింది, ఒక పట్టికలో రాసి అదే గిట్‌లో పెడదాం. ఇకనుంచి పేరు మారిస్తే ఆ కమిట్‌లో పేరొక్కటే మార్చాలి, దిద్దుబాటు ఇంకో కమిట్‌లో. అప్పుడు పోలిక నూటికి నూరు వస్తుంది.

తమ్ముడు: అడుగుడంటే మొహమాటం అక్కా. పెద్దాయన నేనే మొదలుపెట్టిన అంటే కాదంటవా? నువ్వు రాసిన పట్టికల నీకు దగ్గరోళ్ల పేరు పైకి పోదని నమ్మకమేంది? గిట్‌కు చుట్టరికం లేదు. తప్పు చేసినా అందరి కాడ ఒక్క తీరుగనే చేస్తది. పైగా రేపు పొద్దున ప్రెస్సుకు పోవాలె. 43 ఫోన్లు ఈ రాత్రికి అయితయా?

ఈ మాటకు అక్క వెంటనే జవాబు చెప్పలేదు. నేనైనా చెప్పలేను.

అక్క: మొహమాటం నిజమే, కాదనను. కానీ పేరు పోతే ఏమవుతుందో ఈ ఊరికి తెలుసు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మందిని లెక్కతో చూపించాడు. పేరు పేరునా. ఆ ఊళ్లో కూర్చుని మనం టీచరమ్మ ఫైలు మీద నీ పేరు వేస్తామా?

తమ్ముడు: నా పేరు నేనే వేసుకుంటనా అక్కా! రాత్రి అది చూసినప్పటి సంది నిద్ర పట్టలే.

అక్క: తెలుసురా. అందుకే నీతో వాదిస్తున్నాను.

తమ్ముడు: గట్లయితే ఒక పని చేద్దాం. స్క్రిప్ట్‌ను రెండుసార్లు నడుపుత, 50కి ఒకసారి, 90కి ఒకసారి. రెండింట్ల ఒకే పేరొస్తే దాన్ని ఉంచుదాం. తేడా వచ్చినోళ్లకే ఫోన్.

అక్క: ఇది బాగుంది. కానీ ఒక కన్నం ఉంది. పేరు మార్చిన రోజే సగం కన్నా ఎక్కువ తిరగరాసిన ఫైలు రెండింట్లోనూ ఒకేచోట తెగుతుంది. రెండూ ఒకే తప్పు పేరు చెబుతాయి. మొదలైన తేదీ ఫోల్డర్లు మార్చిన రోజు పడిందంటే, పేరు కలిసినా దాన్నీ పక్కన పెట్టు.

తమ్ముడు: పెడ్తా. నా అంకెల పట్టిక తీసేస్తున్న. 15 మూస వల్ల, నాలుగు 90 కాడ తెగినయ్, మూడు ఆ రోజువి. 22 ఫోన్లు.

అక్క: చెరి పదకొండు. పోచంపల్లి నేను చేస్తాను, ఆవిడ ఎనిమిదికే పడుకుంటుంది. నువ్వు వడ్రంగంతో మొదలుపెట్టు. నువ్వే మొదలుపెట్టావు కదా అని అడక్కు. ఎవరు మొదలుపెట్టారు అని అడుగు.