ఆటల పోటీల ఫొటో వెనుక ఖాళీ కుర్చీలు

రాష్ట్ర బాలల సంరక్షణ సంస్థల నుంచి వెలువడే వార్తలు చాలావరకు రెండు మూసల్లో ఉంటాయి. ఒకటి ఉద్యోగుల వార్త: ఒక అధికారి బదిలీ అయ్యారు, ఒక సూపరింటెండెంటుకు పదవీ విరమణ సన్మానం జరిగింది, కౌన్సెలర్లకు శిక్షణ తరగతులు ముగిశాయి. రెండోది పిల్లల వార్త: జూన్ 21న యోగా, ఆగస్టు 15న జెండా వందనం, నవంబర్ 14న చిత్రలేఖనం పోటీ, మధ్యలో ఎప్పుడైనా ఒక కబడ్డీ ఆట. ఈ రెండూ వేర్వేరు శీర్షికల కింద వస్తాయి కనుక మనం కూడా వేర్వేరుగానే చదివి పక్కన పెడతాం. దక్షిణ ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాల వైపు నుంచి చూస్తే మాత్రం మొదటి వార్తను బట్టే రెండో వార్త ఉంటుందని, ఒకటి లేకుండా మరొకటి అర్థం కాదని నా అభిప్రాయం.

ఆ ఫొటోలను ఒకసారి నిదానంగా చూడండి. శాలువా కప్పుకున్న ముఖ్య అతిథి ముఖం స్పష్టంగా ఉంటుంది, పక్కన నిలబడ్డ అధికారుల ముఖాలూ స్పష్టంగానే ఉంటాయి, బహుమతి అందుకుంటున్న పిల్లాడి వీపు మాత్రమే కనబడుతుంది, లేదా ముఖం మసకబారి ఉంటుంది. చట్టం ప్రకారం అలా ఉండాల్సిందే. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ కేసుల్లో ఉన్న, సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని నిషేధించి, ఉల్లంఘించినవారికి ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టింది. ఆ నిషేధంతో నాకు పేచీ లేదు. పేచీ ఏమిటంటే, ముఖం కనబడని ఆ పిల్లాడికి మర్నాడు సాయంత్రం ఏం జరిగిందో చెప్పే వార్త కూడా మనకు కనబడదు.

వెనుక ఉన్న యంత్రాంగం గురించి రెండు మాటలు. నేరారోపణ ఎదుర్కొంటున్న పిల్లల కేసులను ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే జువెనైల్ జస్టిస్ బోర్డు విచారిస్తుంది. విచారణ సాగినంతకాలం ఇంటికి పంపడం కుదరని పిల్లలు అబ్జర్వేషన్ హోమ్‌లో ఉంటారు. మన వాళ్లు దాన్ని ఇప్పటికీ ‘చిన్నపిల్లల జైలు’ అనే అంటారు, అక్కడికి వెళ్లి బిడ్డను చూడడాన్ని ములాఖత్ అనే అంటారు. ప్రతి జిల్లాలోనూ హోమ్ ఉండితీరాలని చట్టం అనలేదు, కొన్ని జిల్లాలకు కలిపి ఒకటి ఉన్నా సరిపోతుందంది. కొండ జిల్లాల కుటుంబానికి ఈ వెసులుబాటు అంటే ఒక రోజు కూలి పోవడం, దాని మీద బస్సు ఛార్జీ.

జిల్లా బాలల సంరక్షణ విభాగాలకు, హోమ్‌లకు సిబ్బంది ఖర్చు ప్రధానంగా మిషన్ వాత్సల్య పథకం నుంచి వస్తుంది. 2009లో సమగ్ర బాలల సంరక్షణ పథకంగా మొదలై పేర్లు మార్చుకుంటూ వచ్చిన ఈ పథకంలో ఒడిశా వంటి రాష్ట్రాలకు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. కొలువుల్లో ఎక్కువ భాగం కాంట్రాక్టువే. ఈ పథకం కింద జిల్లాల్లో వెలువడే నియామక ప్రకటనలు చూస్తే వంటమనిషికి నెలకు 9,930 రూపాయలు, రాత్రి కాపలా కూడా చూసుకునే హెల్పరుకు 7,944, చిత్రకళ నేర్పే మాస్టారికి, వ్యాయామం, యోగా నేర్పే మాస్టారికి చెరి 10,000 అని ఉంటుంది. ఈ చివరి ఇద్దరివీ పార్ట్ టైమ్ కొలువులు. అంటే మనం ఫొటోల్లో చూసి మురిసే చిత్రలేఖనం, కబడ్డీ, యోగా అన్నీ నెలకు పదివేలకు వచ్చి, ఇంకో పని దొరకగానే వెళ్లిపోయే ఇద్దరు మనుషుల మీద నడుస్తున్నాయి. వెళ్లిపోతే వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఖాళీ పోస్టు అన్న మాటను ఆఫీసు లెక్కలో చదవడం వేరు, హోమ్ లోపలి నుంచి చదవడం వేరు. బోర్డు విచారణ పిల్లాణ్ని మొదటిసారి హాజరుపరిచిన నాటి నుంచి నాలుగు నెలల్లో ముగియాలి, కారణాలు రాసి మరో రెండు నెలలు పొడిగించవచ్చు. వాడు లోపల ఉండే కాలం మామూలుగా ఆ పరిధిలోదే. ఒక కౌన్సెలర్ పోస్టు ఆరు నెలలు ఖాళీగా ఉంటే శాఖ నివేదికలో అది నియామక ప్రక్రియ నడుస్తోందన్న ఒక వాక్యంతో సరిపోతుంది. ఆ ఆరు నెలల్లో లోపలికి వచ్చి బయటికి వెళ్లిన పిల్లాడికి మాత్రం కౌన్సెలర్ అనే మనిషి అసలు లేనట్టే. ఏడాది సగటు తీసి ఎనభై శాతం పోస్టులు భర్తీ అయ్యాయని చెప్పినా వాడి లెక్క మారదు.

ఇది కొత్తగా బయటపడ్డ సంగతీ కాదు. బాలల న్యాయ చట్టం అమలు కోరుతూ సంపూర్ణా బెహురా 2005లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 9న తీర్పు చెబుతూ బాలల న్యాయ వ్యవస్థలోని ఖాళీలను నింపాలని, హోమ్‌లలో సామాజిక తనిఖీ జరగాలని ఆదేశించింది. పిటిషన్ వేసిన ఏడాది పుట్టిన బిడ్డకు తీర్పు వచ్చేసరికి హోమ్‌కు వెళ్లే వయసు వచ్చింది.

పేరు అనవసరమైన ఒక హోమ్‌లో ఒక మధ్యాహ్నం చూసింది చెబుతాను. దాతలిచ్చిన క్యారమ్ బోర్డు ప్లాస్టిక్ కవరు తీయకుండా గోడకు ఆనించి ఉంది. కాయిన్లు, స్ట్రైకరు బీరువాలో ఉన్నాయి, బీరువా తాళంచెవి సెలవులో ఉన్న ఉద్యోగి దగ్గర ఉంది. పిల్లలు టీవీ ముందు కూర్చున్నారు. వచ్చేది ఒడియా సీరియల్. అందులో ఇద్దరు తెలుగు పిల్లలు దాన్ని చూడడం కూడా మానేసి కిటికీ పక్కన తమలో తాము మాట్లాడుకుంటున్నారు. డబ్బు లేక ఆట ఆగలేదక్కడ. తాళం తీసే రెండో మనిషి లేక ఆగింది.

ఆ ఇద్దరి మాటే ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన సమస్య. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రం నుంచి గంజాం, కోరాపుట్ ప్రాంతాలు ఇటు వచ్చాయి, వాటితో పాటు బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం పట్టణాల తెలుగువాళ్లూ ఇటే ఉండిపోయారు. బడిలో ఒడియా చదివిన తెలుగు పిల్లలకు పెద్ద ఇబ్బంది లేదు. బడి మధ్యలో మానేసి హోటల్లోనో గ్యారేజీలోనో పనికి కుదిరిన పిల్లాడి సంగతి వేరు, కొండ మీది సవర, కుయి పిల్లల సంగతి మరీ వేరు. బోర్డు ముందు విచారణ భాష అర్థం కాకపోతే దుబాసీని ఏర్పాటు చేయాలని చట్టంలోనే ఉంది. అయితే దుబాసీ విచారణ పూట వచ్చి వెళ్తాడు. రాత్రి జ్వరం వచ్చిందనో, పక్కవాడు కొడుతున్నాడనో చెప్పుకోవడానికి ఉండేది హోమ్‌లో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి, అంటే హౌస్ ఫాదరే. సవర భాష నేర్చుకుని సవర పిల్లలకు వాళ్ల మాటలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి పనిచేసిన పర్లాకిమిడి ఉన్న జిల్లాలో, నియామక ప్రకటనలో ‘తెలుగు లేదా సవర వచ్చినవారికి ప్రాధాన్యం’ అన్న ఒక్క వాక్యం చేర్చమనడం గొంతెమ్మ కోరిక కాదు.

భాష ఆటపాటలతో ఆగదు, కేసులోకీ వస్తుంది. పిల్లాణ్ని హాజరుపరిచిన పదిహేను రోజుల్లో ప్రొబేషన్ అధికారి ఇంటికి వెళ్లి, తల్లిదండ్రులతో, ఇరుగుపొరుగుతో మాట్లాడి సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. తండ్రి సూరత్ మగ్గాల దగ్గరో, ఇంకెక్కడో పనిలో ఉండి, ఇంట్లో తెలుగు తప్ప రాని నాయనమ్మ ఒక్కతే ఉంటే ఆ నివేదిక ఎంత నిండుగా వస్తుందన్నది వెళ్లిన మనిషి మీద ఆధారపడుతుంది. బెయిల్ వచ్చినా షరతులు తీర్చలేక ఏడు రోజులు దాటితే షరతులు మార్చేందుకు బోర్డు ముందు మళ్లీ హాజరుపరచాలని చట్టం అంటోంది. ఆ ఏడు రోజులు లెక్కపెట్టాల్సింది కూడా ఇదే సిబ్బంది.

గంజాయి కేసుల్లో ఇది మరీ తీవ్రమవుతుంది. గజపతి జిల్లా మోహన, ఆర్.ఉదయగిరి కొండల నుంచి, కోరాపుట్, మల్కన్‌గిరి వైపు నుంచి సరుకు దిగే దారుల్లో మోసేవాళ్లుగా పిల్లలు దొరుకుతుంటారు. మత్తు పదార్థాల రవాణాకు పిల్లల్ని వాడుకున్నవారికి ఏడేళ్ల వరకు కఠిన శిక్ష అని బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ చెబుతోంది, అంటే ఆ లెక్కన మోసిన పిల్లాడు బాధితుడు. అదే పిల్లాడికి పదహారేళ్లు నిండి, సంచిలో ఇరవై కిలోలకు మించి గంజాయి ఉంటే, ఆ పరిమాణానికి కనీస శిక్ష పదేళ్లు కనుక అది ఘోర నేరాల కోవలోకి వెళ్లి, వాణ్ని పెద్దవాడిలా విచారించాలా వద్దా అన్న ప్రాథమిక మదింపు దాకా పోతుంది. సంచి ఎవరిచ్చారు, ఎంతిస్తామన్నారు, లోపల ఏముందో వాడికి తెలుసా అన్న ప్రశ్నలకు జవాబు వాడి నోటి నుంచి రాబట్టాల్సిన కౌన్సెలర్ కుర్చీ ఖాళీగా ఉంటే, లేదా ఆ కుర్చీలో వాడి మాట తెలియని మనిషి ఉంటే, ఏ సెక్షన్ బలం ఎక్కువవుతుందో ఊహించడం కష్టం కాదు. ఇదే కథ విశాఖపట్నంలో తలకిందులుగా, తెలుగు రాని ఒడియా పిల్లాడితో నడుస్తుంది.

హోమ్ నుంచి పిల్లలు పారిపోయినప్పుడు సిబ్బంది వార్త, పిల్లల వార్త ఒకే రోజు వస్తాయి. కాపలాలో ఉన్నవారిని సస్పెండ్ చేస్తారు, గోడ ఎత్తు పెంచుతారు, మైదానంలోకి వదలడం తగ్గిస్తారు. తప్పించుకున్నవారి తప్పుకు మిగిలినవారి ఆట పోతుంది, 7,944 రూపాయల హెల్పరు కొలువు పోతుంది, రాత్రి ఆ హోమ్‌లో మొత్తం ఎంతమంది ఉండాల్సింది, ఎంతమంది ఉన్నారు అన్న ప్రశ్న మాత్రం విచారణ నివేదికలోనే ఉండిపోతుంది.

ఒడిశా మహిళా శిశు అభివృద్ధి శాఖ ప్రతి హోమ్‌కు మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, ఒక్కొక్కటి ఎప్పటి నుంచి ఖాళీగా ఉంది, సిబ్బందిలో ఎవరికి ఏయే భాషలు వచ్చు అన్న వివరాలను మూడు నెలలకోసారి ప్రకటించవచ్చు. వీటిలో పిల్లల గుర్తింపు బయటపడేది ఒక్కటీ లేదు కనుక 74వ సెక్షన్ అడ్డురాదు. తనిఖీ కమిటీలు కనీసం మూడు నెలలకోసారి వెళ్లాలని చట్టంలో ఎలాగూ ఉంది, ఆ రోజే ఈ లెక్క తీసుకోవచ్చు. హోమ్‌లలో వయసుల వారీగా పిల్లల కమిటీలు ఉండాలని 2016 నాటి నమూనా నిబంధనలు అంటున్నాయి. పోటీ ఎప్పుడు జరిగిందని కాకుండా గత నెలలో ఎన్ని సాయంత్రాలు ఆడారో ఆ కమిటీనే అడిగి రాయాలి.

సరిహద్దుకు సంబంధించి ఒక చిన్న సంగతి మిగిలింది. వేరే ప్రాంతపు పిల్లాణ్ని సొంత జిల్లాకు బదిలీ చేసే 95వ సెక్షన్‌లో, వెంట వెళ్లే సిబ్బందికి ప్రయాణ భత్యం ముందుగానే ఇచ్చేలా రాష్ట్రం నిబంధనలు చేయాలని ఉంది. ఆ భత్యం సమయానికి చేతికి అందకపోతే విశాఖలోని బరంపురం పిల్లాడు, బరంపురంలోని ఇచ్ఛాపురం పిల్లాడు వెంట వచ్చే మనిషి కోసం ఉన్నచోటే ఎదురుచూడాలి.