అన్నపూర్ణ గుమ్మంలో టికెట్టు తనిఖీ

దర్శనం క్యూలో నిలబడితేనే అన్నదానం టోకెన్. టోకెన్ ఉంటేనే విస్తరి. కొన్ని ఆలయాల్లో వేళ్లూనుకున్న ఈ పద్ధతి ఎవరిని బయట నిలబెడుతోందో చూడాలంటే మధ్యాహ్నం పన్నెండింటికి భోజనశాల గేటు దగ్గరికి వెళితే చాలు. మెట్ల మీద కూర్చునే ముసలమ్మ క్యూలోకి రాదు, కాబట్టి ఆమెకు టోకెన్ రాదు. రసీదు పుస్తకం మీద మాత్రం ‘నిరుపేదలకు అన్నదానం’ అనే ఉంటుంది.

లెక్క లేకపోతే వండింది పారబోయాల్సి వస్తుందని, తోపులాట జరుగుతుందని నిర్వాహకులు అంటారు. తోపులాట మాట కొంత నిజమే. పారబోత మాట మాత్రం వంట తెలిసినవాళ్లు అనరు.

వంద మందికి 12, 13 కిలోల బియ్యం పడతాయి. పప్పు, పులుసు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటాయి. మిగిలేదీ చాలకపోయేదీ అన్నమే. అందుకే చేయి తిరిగిన వంటమనిషి బియ్యమంతా ఒకేసారి పొయ్యెక్కించడు. రెండో పొయ్యి మీద ఎసరు మరుగుతూ ఉంటుంది, కడిగిన బియ్యం పక్కనే ఉంటుంది. మొదటి బంతి కూర్చున్నాక బయట ఎందరున్నారో ఒకసారి తొంగి చూసి రెండో విడత పోస్తాడు. బంతి లేచి, ఆకులు తీసి, నేల తుడిచేసరికి అరగంట. ఆలోగా అన్నం ఉడుకుతుంది, గంజి వార్చడమూ అయిపోతుంది. అలా కాకుండా పొద్దున్నే అంతా వండి చాపల మీద గుట్టపోస్తే నడిమధ్య గోరువెచ్చదనం గంటల తరబడి చల్లారదు. సూక్ష్మజీవులకు కావలసింది అదే. వాంతులు, విరేచనాల కేసులకు అది చాలు. టోకెన్ దీన్ని ఆపుతుందా?

అసలు కారణం లెక్కల పుస్తకంలో ఉంది. శాశ్వత అన్నదానానికి దాత 10,000 రూపాయలు కట్టాడనుకుందాం. ఏడు శాతం వడ్డీకి ఏడాదికి వచ్చేది 700. భోజనం 35 రూపాయల్లో అయిన రోజుల్లో అది 20 విస్తళ్లు. ఖర్చు 50కి చేరితే 14. దాత కట్టిన అసలు పెరగదు, బియ్యం ధర ఆగదు. దాతకు ఇచ్చిన మాట మాత్రం ఆచంద్రార్కం! ఈ లోటు సంగతి దాతకు చెప్పి అసలు పెంచమని అడగాలి, లేదా రోజువారీ కానుకల్లోంచి పూడ్చాలి. రెండూ చేయకుండా మెట్ల మీదివాళ్ల విస్తళ్లు కోయడం సులువు. వాళ్లు ఫిర్యాదు చేయరు కదా.

రాయితీలు అడిగేటప్పుడు ఈ టోకెన్ల ఊసే ఉండదు. నెలకు కనీసం 5,000 మందికి ఉచితంగా వడ్డించే సంస్థలకు బియ్యం, పప్పులు, నూనె, నెయ్యి, చక్కెర వంటి సరుకులపై కట్టిన జీఎస్టీలో కేంద్రం వాటాను తిరిగి ఇచ్చేందుకు 2018లో సేవా భోజ్ యోజన వచ్చింది. వివక్ష లేకుండా ప్రజలందరికీ పెట్టాలన్నది అందులోని షరతు. విరాళాలకు 80జీ పన్ను రాయితీ కూడా ఒక మతవర్గానికో కులానికో పరిమితమైన సంస్థకు దక్కదు. ప్రభుత్వానికి పెట్టుకునే దరఖాస్తులో ‘అందరికీ’, గేటు దగ్గర ‘టోకెన్ ఉన్నవారికే’. ఈ రెండు నాలుకల వ్యవహారమే మాకు మింగుడుపడనిది.

తిరుమలలో 1985లో రోజుకు సుమారు 2,000 మందితో మొదలైన అన్నప్రసాదం నేడు వెంగమాంబ సముదాయంలో వేల సంఖ్యలో భక్తులకు టోకెన్ ప్రసక్తి లేకుండా సాగుతోంది. అక్కడ సాధ్యమైంది రెండు వందల విస్తళ్ల గుడికి సాధ్యం కాదా? నిధుల్లో పోలికే లేదంటారేమో. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారి ఇంటికి ఏ నిధులున్నాయి? అర్ధరాత్రి గోదావరి దాటి వచ్చినవాడిని కూడా ఆమె ఏ ఊరని, ఏ కులమని అడగలేదని కోనసీమ నేటికీ చెప్పుకుంటుంది. ఆమె పేరు బడి భోజనానికి పెట్టుకున్న రాష్ట్రంలో గుడి భోజనానికి చీటీ అడుగుతున్నారు.

కనీసం మొదటి బంతిని చీటీ లేనివాళ్లకు వదలండి. ఎందరికి వండారో, ఎందరు తిన్నారో, ఎందరిని తిప్పి పంపారో ప్రతి సాయంత్రం గేటు పక్కన పలక మీద రాయండి. అదీ చేతకాదంటే, రసీదు పుస్తకాలు తిరిగి అచ్చువేసేటప్పుడు ‘నిరుపేదలకు’ అన్న మాట తీసేయండి.