జవాను నోరు విప్పలేడు, అందుకే ప్రశ్న మనం అడగాలి

ట్రైనింగ్ అయిపోయాక రెజిమెంటల్ సెంటర్‌లో కసమ్ పరేడ్ జరుగుతుంది. భారత రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని, నేల మీదైనా నీళ్ల మీదైనా గాల్లోనైనా ఎక్కడికి పంపితే అక్కడికి పోతానని, ప్రాణం మీదికొచ్చినా సరే రాష్ట్రపతి ఆజ్ఞల్నీ పై అధికారుల ఆజ్ఞల్నీ పాటిస్తానని కొత్త కుర్రాళ్లు ఆ రోజు ప్రమాణం చేస్తారు. ఆ ప్రమాణంలో ప్రధానమంత్రి లేడు, రక్షణ మంత్రి లేడు, ఏ పార్టీ పేరూ లేదు. రాష్ట్రపతి పేరు మీద నిర్ణయాలు తీసుకునేది ఎన్నికైన ప్రభుత్వమే, అందులో డౌట్ లేదు. కాబట్టి జవాను ప్రభుత్వం మాట వింటాడు, కానీ తన విశ్వాసాన్ని ప్రభుత్వానికి రాసివ్వలేదు.

మరి ప్రభుత్వం మాటా, దేశం మీద విశ్వాసమూ ఎదురుపడితే ఏం చెయ్యాలి? 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో ఎదురుపడ్డాయి. సరిహద్దు గాంధీ అని పిలిచే ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అరెస్టుతో కిస్సా ఖ్వానీ బజార్‌లో జనం పోగయ్యారు, బ్రిటిష్ సైన్యం కాల్పుల్లో చాలామంది చనిపోయారు. రాయల్ గర్వాల్ రైఫిల్స్ జవాన్లు మాత్రం చేతిలో ఏమీ లేని జనం మీద కాల్చం అన్నారు. వాళ్లకి ముందు నిలబడ్డ హవల్దార్ చంద్రసింగ్ గర్వాలీకి కోర్ట్ మార్షల్‌లో యావజ్జీవం వేశారు, 1941 దాకా జైల్లో ఉన్నాడు. ఇవాళ మనం ఆయన్ని దేశభక్తుడు అంటాం, అనాలి కూడా. కానీ గాంధీ అప్పట్లో ఆయన్ని మెచ్చుకోలేదు. తర్వాత ఒక ఫ్రెంచ్ జర్నలిస్టు అడిగితే, కాల్చమన్న ఆర్డర్‌ని కాదన్న సైనికుడు తను చేసిన ప్రమాణాన్ని తప్పినట్టే అన్నాడు, ఇవాళ వీళ్లకి మాట వినొద్దని నేర్పితే రేపు మేం అధికారంలోకి వచ్చాక కూడా వీళ్లే మా మాట వినరేమోనని నాకు భయం అన్నాడు. అహింసని జీవితమంతా మోసిన మనిషి ఆ మాట అనడం మొదటిసారి చదివినప్పుడు నాకు మింగుడుపడలేదు.

అయినా గాంధీ భయం ఉత్తది కాదు. పక్కనే పాకిస్తాన్ ఉంది చూడండి, 1958లో అయూబ్ ఖాన్, 1977లో జియా, 1999లో ముషారఫ్, ప్రతి జనరలూ ప్రభుత్వం చెడిపోయింది, దేశాన్ని కాపాడటానికే వచ్చా అనే చెప్పాడు. దేశం వేరు, ప్రభుత్వం వేరు అనే మాట తుపాకీ ఉన్నవాడు సొంతంగా తేల్చుకోవడం మొదలుపెడితే చివరికి జనానికి దేశమూ మిగలదు, ప్రభుత్వమూ మిగలదు. కాబట్టి సైనికుడికి ఇక్కడ ఉన్న జాగా చాలా తక్కువ, ఆ తక్కువ జాగా మాత్రం నిజమైనదే. మన ఆర్మీ యాక్ట్ కూడా చట్టబద్ధమైన ఆజ్ఞని ధిక్కరించడాన్నే నేరం అంటుంది, చట్టబద్ధమైన అన్న మాట అందులో ఊరికే పెట్టలేదు. 1975 జూన్ 25న రామ్‌లీలా మైదానంలో జయప్రకాశ్ నారాయణ్ పోలీసులకీ సైన్యానికీ చెప్పింది కూడా చట్టవిరుద్ధమైన ఆర్డర్లు పాటించొద్దనే, దాన్నే సైన్యాన్ని తిరుగుబాటుకి రెచ్చగొట్టడం అని చూపించి ఆ రాత్రే ఎమర్జెన్సీ పెట్టారు.

చట్టవిరుద్ధం కాదు, కేవలం తప్పుడు నిర్ణయం అయితే? అప్పుడు మూసిన తలుపుల వెనక మొహం మీద చెప్పాలి, వినకపోతే రాజీనామా ఇవ్వాలి, ఉండాలనుకుంటే ఆర్డర్ పాటించాలి. 1971లో తూర్పు పాకిస్తాన్ మీదికి వెంటనే వెళ్లమంటే సైన్యం రెడీగా లేదని ఇందిరా గాంధీకి చెప్పానని, రాజీనామాకి కూడా సిద్ధపడ్డానని అప్పటి ఆర్మీ చీఫ్ మానెక్‌షా తర్వాత చాలాసార్లు చెప్పాడు, యుద్ధం డిసెంబర్‌లో జరిగింది. 1959లో ఆర్మీ చీఫ్ జనరల్ తిమ్మయ్య రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పడక రాజీనామా ఇస్తే నెహ్రూ నచ్చజెప్పి వెనక్కి తీసుకునేలా చేసి, తర్వాత పార్లమెంటులో ఆయన్నే తప్పుపట్టాడు. ఆ తర్వాత మూడేళ్లకి, యుద్ధంలో దళాల్ని నడిపిన అనుభవం లేని లెఫ్టినెంట్ జనరల్ కౌల్ చేతిలో ఈశాన్య సరిహద్దుని పెట్టారు, పైవాళ్లకి దగ్గరివాడనే పేరు ఆయనకి అప్పటికే ఉంది. ప్రభుత్వానికి విధేయతే దేశానికి విధేయత అనుకుంటే ఏమవుతుందో 1962 చైనా యుద్ధంలో మంచులో సరైన బట్టల్లేకుండా, సరిపడా తూటాల్లేకుండా నిలబడ్డ జవాన్లు చూశారు.

నేను చెప్పదలుచుకుంది ఇక్కడే ఉంది. దేశాన్నీ ప్రభుత్వాన్నీ విడదీసి చూడాల్సిన బాధ్యత యూనిఫాం వేసుకున్నవాడి మీద కన్నా మన మీదే ఎక్కువ. వాడు ప్రెస్‌తో మాట్లాడకూడదు, రాజకీయ మీటింగ్‌కి పోకూడదు, యూనియన్ పెట్టకూడదు, రాజ్యాంగంలోని ఆర్టికల్ 33 కింద పార్లమెంటే అతని హక్కుల్ని కుదించింది, అది సరైనదే కూడా. కానీ అతని నోరు మనం మూశాం కాబట్టి అతని తరఫున అడగాల్సింది కూడా మనమే. అడిగిన ప్రతివాడినీ సైన్యాన్ని అవమానిస్తున్నావ్ అని తిట్టి కూర్చోబెడితే ఆ జవానుకి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది, సైన్యం పరువు పేరుతో ప్రభుత్వం తప్పించుకుంటుంది, అది ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే.

యుద్ధం నడుస్తుంటే ప్రశ్నలేంటి అంటారు కొందరు. 1962లో చైనా సైన్యం లోపలికి వచ్చి ఉండగానే పార్లమెంటు పెట్టమని వాజ్‌పేయి అడిగాడు, నెహ్రూ ఒప్పుకున్నాడు, నవంబర్ 8 నుంచి సభ జరిగింది, సొంత పార్టీవాళ్ల ఒత్తిడే ఎక్కువై కృష్ణ మీనన్ అప్పటికే పదవి పోగొట్టుకున్నాడు. దానివల్ల సైన్యం మనోధైర్యం దెబ్బతిందని అనుకోడానికి కారణం కనబడదు. తర్వాత జరిగిందే అన్యాయం, ఓటమి మీద సైనికాధికారులు హెండర్సన్ బ్రూక్స్, భగత్ ఇచ్చిన రిపోర్టుని 1963 నుంచి ఇప్పటిదాకా కాంగ్రెస్ ప్రభుత్వమూ బయటపెట్టలేదు, బీజేపీ ప్రభుత్వమూ బయటపెట్టలేదు. అదే కార్గిల్ తర్వాత సుబ్రహ్మణ్యం కమిటీ వేసి, కొన్ని భాగాలు తీసేసినా సరే రిపోర్టుని 2000లో పార్లమెంటు ముందు పెట్టారు, ఇంటెలిజెన్స్ ఎక్కడ ఫెయిలైందో అందులో రాశారు, ఆ చర్చలోంచే డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ వచ్చింది, మూడు దళాలకీ కలిపి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ అనే ఒక పదవి ఉండాలన్న ఆలోచన గట్టిపడింది.

మన దగ్గరికి వద్దాం. 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో చనిపోయిన 20 మందిలో ఒకడైన కల్నల్ సంతోష్ బాబు, బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్, సూర్యాపేటవాడు. ఆయన విగ్రహానికి దండలు వేస్తాం, వెయ్యాలి, కానీ ఆ రాత్రి అక్కడిదాకా పరిస్థితి ఎలా వచ్చింది అని అడగడం కూడా ఆయన్ని గౌరవించడమే. 2022 జూన్‌లో కుర్రాళ్లని నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ స్కీమ్ ప్రకటించాక సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబడ్డాయి, పోలీస్ కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడు ఒకడు చనిపోయాడు. రైళ్లు తగలబెట్టడం నేరం, దాన్ని ఎవరూ సమర్థించక్కర్లేదు. కానీ అక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది ఫిజికల్, మెడికల్ పాసై రాతపరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు, ఆ పాత రిక్రూట్‌మెంటే రద్దయిపోయింది. తర్వాత చేరాలనుకునేవాళ్లని, నిరసనల్లో గానీ విధ్వంసంలో గానీ పాల్గొనలేదని రాసివ్వమంది సైన్యం. విధ్వంసం సంగతి సరే, ఒక స్కీమ్ బాలేదని శాంతంగా నిరసన చేసినవాడు కూడా సైన్యానికి పనికిరాడా? ఇంకా చేరనివాడు మామూలు పౌరుడే కదా, అతనికి ఆ హక్కు ఉండాలా వద్దా?

2022 చివర, 2023 మొదట్లో చేరిన మొదటి బ్యాచ్ అగ్నివీరులకి, అంటే ఈ స్కీమ్‌లో చేరినవాళ్లకి, నాలుగేళ్లు ఈ 2026 చివరి నుంచి పూర్తవుతాయి. స్కీమ్ ప్రకారం 25 శాతం దాకా ఉంచుకుంటారు, మిగతావాళ్లు పెన్షన్ లేకుండా, ఒక్కసారిగా చేతికిచ్చే సేవానిధి డబ్బులతో ఇంటికొస్తారు. ఎంతమందికి నిజంగా పారామిలటరీలోనో పోలీసులోనో ఉద్యోగం వస్తుంది, యూనిట్‌లలో అనుభవం ఉన్నవాళ్ల లోటు పడిందా లేదా, చనిపోయిన అగ్నివీర్ కుటుంబానికీ రెగ్యులర్ జవాను కుటుంబానికీ ఇచ్చేదాంట్లో తేడా ఎందుకుండాలి, ఇవి వాళ్లు యూనిఫాంలో ఉండగా అడగలేరు. మన రెండు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో రాతపూర్వకంగా అడగొచ్చు, అంకెలతో సహా జవాబు రాబట్టొచ్చు, మనం మన ఎంపీని అడగమని అడగొచ్చు.